చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారు?

చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందని, నడుస్తుంటే కాళ్లు బిగుసుకుపోతున్నాయని అరవై ఏళ్ల మనిషి చెబితే, ఢిల్లీ లక్ష్మీ నగర్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా ఇంట్లోవాళ్లు అనే మాట ఒకటే: 'వయసు మీద పడింది'. మెడ నొప్పి కూడా ఉంటే 'సర్వైకల్' అని తేల్చేస్తారు. నిజానికి ఇవి మెడలో వెన్నుపాము నలుగుతోందనడానికి సంకేతాలు కావచ్చు. డిస్కుల అరుగుదలే ఎక్కువమందిలో కారణం. అయితే ఆ ఒక్కటే కారణం కాదు.

మెడ ఎముకల మధ్య వెన్నుపాము ఉండే దారి అసలే ఇరుకు. వృద్ధుల్లో కొందరికి అక్కడి లిగమెంట్లలో కాల్షియం పైరోఫాస్ఫేట్ స్ఫటికాలు పేరుకుంటాయి. రెండో వెన్నుపూస కొన చుట్టూ చేరితే ఉన్నట్టుండి జ్వరం, మెడ పట్టేయడం మొదలై, మెనింజైటిస్ అని పొరబడే ప్రమాదం ఉంది.

తెలుగువారి విషయంలో మరో అనుమానం తప్పనిసరి: ఫ్లోరోసిస్. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి తీరును షార్ట్, ఆయన సహచరులు 1937లోనే వివరించారు. నల్గొండ సంగతి చెప్పనక్కర్లేదు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే, ఎముకలోని ఖనిజ స్ఫటికాల్లో ఫ్లోరైడ్ చోటు చేసుకుంటుంది. ఎముక మందమవుతుంది, లిగమెంట్లు ఎముకలా గట్టిపడతాయి, వెన్నుపాము దారి మూసుకుపోతూ వస్తుంది. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఇలాంటి రోగుల నరాల సమస్యలపై విస్తృతంగా రాశారు.

ఊళ్లకు నది నీళ్లు వచ్చాయి కాబట్టి ఈ కథ ముగిసిందనుకోవడం తొందరపాటే. కుళాయి మారినంత త్వరగా ఎముక మారదు. ఫ్లోరైడ్ అందులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, మనిషి ఏ నగరానికి వలస వెళ్లినా వెంటే వెళ్తుంది. అక్కడి డాక్టరుకు మర్రిగూడ పేరు తెలియకపోవచ్చు.

వెన్నుపాము ఎంత నలిగిందో ఎంఆర్ఐ బాగా చూపిస్తుంది. గట్టిపడిన కాల్షియం మాత్రం సీటీలోనే స్పష్టంగా కనిపిస్తుంది. పైరోఫాస్ఫేట్ వాపు చాలాసార్లు మందులకు లొంగుతుంది. వెన్నుపాము నలిగి కాళ్లూ చేతులూ పట్టు తప్పుతుంటే ఆపరేషన్ ఆలోచించాల్సిందే, ఆలస్యమైన కొద్దీ కోలుకునే అవకాశం తగ్గుతుంది. ఓపీ చీటీలో బీపీ, షుగర్ పక్కన పెరిగిన ఊరి పేరుకూ ఒక గడి పెడితే పోయేదేముంది?