పళ్లు ఒక్కరోజులో.. ఎముకకు నెలలు

ఒక్క పన్నూ లేని అమ్మానాన్నలకు ‘ఒక్కరోజులోనే ఫిక్స్‌డ్ పళ్లు’ అన్న ప్రకటన చూసి అప్పుచేసైనా పెట్టించాలనుకుంటున్నారా? ఆ పద్ధతి బూటకమేమీ కాదు. దవడ ఎముక బాగుండి, ఇంప్లాంట్లు గట్టిగా బిగుసుకుంటే వెంటనే పళ్లు అమర్చొచ్చు. కానీ ఆరోజు పెట్టేవి సాధారణంగా తాత్కాలికమైనవే. ఎముక ఇంప్లాంటును పూర్తిగా పట్టుకోవడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. ఈలోగా జంతికలు కొరికితే అది వదులు కావచ్చు.

ఫిట్‌నెస్ సంతకానికి నా దగ్గరకొచ్చేవారిలో చాలామందికి హెచ్‌బీఏ1సీ పరీక్షే ఉండదు. కొందరు గుండెకు వాడే రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా మానేసి వస్తారు. నాకు అసలు భయం అదే. ఎముకలు గుల్లబారకుండా తీసుకున్న ఇంజెక్షన్ల సంగతీ డెంటిస్టుకు చెప్పరు. షుగర్ ఎక్కువుంటే అదుపులోకి వచ్చేదాకా ఆగమంటాను. ‘ఆఫర్ అయిపోతుంది సార్’ అంటారు. అన్నాళ్లూ తీసిపెట్టుకునే మామూలు కట్టుడు పళ్లతో తినొచ్చు.