తీగ ఎవరిదైనా దారి ఉమ్మడిగా ఉండాలి

హైదరాబాద్‌లో ఏ గల్లీలో తలెత్తి చూసినా కరెంటు స్తంభాలకు నల్లటి తీగలు ఉండలు ఉండలుగా వేలాడుతుంటాయి. వాటిలో అన్నీ పనిచేసేవి కావు. కనెక్షన్ మానేసిన ఇళ్లవి, వ్యాపారం చాలించుకున్న ఆపరేటర్లవి విప్పేవాడు లేక అలాగే మిగిలిపోతాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక విద్యుత్ సంస్థ ఈ తీగలను కత్తిరించడం మొదలుపెట్టింది. ఇళ్లలో నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. కత్తిరించినంత మాత్రాన గిరాకీ తగ్గదు కదా! వచ్చిన ప్రతి కంపెనీ తన దారి తానే వెతుక్కోవాల్సి వస్తే ఎదురుగా ఉన్న స్తంభమే ఎక్కుతుంది. కంపెనీలు ధరలోనూ సేవలోనూ ఎంతైనా పోటీ పడనీ, తీగ వెళ్లే దారి మాత్రం అందరికీ ఒక్కటే ఉండాలి.

256 కిలోబిట్ల వేగముంటే బ్రాడ్‌బ్యాండేనని 2004లో ప్రభుత్వం అంది. 2023లో ఆ హద్దును 2 మెగాబిట్లకు పెంచింది. ఒకరు ఆఫీసు మీటింగులో, ఇంకొకరు ఆన్‌లైన్ క్లాసులో, పెద్దవాళ్లు ఓటీటీ సినిమాలో ఉన్న ఇంటికి అది ఏ మూలకూ చాలదు. 5జీ ఉండగా ఇంకా తీగలెందుకంటారు కొందరు. టవర్ మోసే డేటాలో చాలాభాగం నడిచేదీ ఫైబర్ మీదే. పైగా టవర్ సామర్థ్యాన్ని చుట్టుపక్కల వాళ్లంతా పంచుకోవాలి, అందుకే జనం ఒక్కసారిగా వాడే వేళ వేగం పడిపోతుంది. ఉపగ్రహ ఇంటర్నెట్ ఏజెన్సీ గూడేలకు అక్కరకొస్తుందేమో గానీ, అమీర్‌పేట హాస్టళ్ల ఆకలి తీర్చలేదు.

ఈ ఉమ్మడి దారిని సర్కారు చేతిలో పెడితే ఫైబర్‌నెట్ గతే పడుతుందన్న అభ్యంతరం మాత్రం బరువైనదే. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, 15 మెగాబిట్ల నెట్ ఇస్తామంటూ 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని ఆర్భాటంగా ప్రారంభించారు. స్తంభాల మీదుగా లాగడంతో పని చవగ్గా, త్వరగా అయింది. అయితే దారి వేసిన సంస్థే దుకాణమూ తెరిచింది. సెట్‌టాప్ బాక్సులు, చానళ్ల ప్యాకేజీలు నెత్తినెత్తుకుంది. దుకాణం నడపడం సర్కారు పని కాదు, దారి వేయడం దాని పనే. అసలు ఖర్చు తవ్వకానిది. దాని ముందు ఫైబర్ ధర ఎంత? మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే ఫైబర్ వేయాలని తెలంగాణ తలపెట్టింది అందుకే. ఉమ్మడి డక్టులకు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వీలు కల్పించింది. రోడ్డు వేసేటప్పుడే మున్సిపాలిటీ గొట్టం పూడ్చి, మీటరుకింతని అద్దె ఖరారు చేసి, పెద్ద కంపెనీకీ వీధి చివరి కేబుల్ ఆపరేటర్‌కీ ఒకే రేటు వసూలు చేయాలి. తవ్వడానికి డబ్బుల్లేక స్తంభమెక్కుతున్నది ఆ చిన్న ఆపరేటరే.