వీసా సంగతి దత్తతకు ముందే

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రిజిస్టరవుతుంది. ఇంట్లో హోమం జరుగుతుంది. అక్క తన రెండో కూతుర్ని చెల్లెలి ఒళ్లో కూర్చోబెడుతుంది, చుట్టాలు అక్షింతలు వేస్తారు. సెలవులు అయిపోవచ్చి, డాలస్ విమానం ఎక్కాల్సిన రోజు దగ్గరపడ్డాక ఎవరో అడుగుతారు: "మరి పాపకి వీసా ఎప్పుడొస్తుందమ్మా?"

ఈ వారం అదే ప్రశ్న పట్టుకుని మరో కుటుంబం లాయర్ల చుట్టూ తిరుగుతోంది. ఎవరు, ఏ ఊరు అన్నది ఇక్కడ అనవసరం. దంపతులిద్దరికీ అమెరికా పౌరసత్వం ఉంది, పిల్లల్లేరు. ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ ఇష్టమే. పత్రంలో అక్షరం తప్పు లేదు. అయినా ఆ పాపకు వీసా దొరకడం దాదాపు అసాధ్యం. పత్రం రాసిన పెద్దమనుషుల్లో ఒక్కరూ ఈ సంగతి ముందుగా చెప్పలేదు. కోపం రావాల్సింది అక్కడ.

దేశాల మధ్య దత్తతకు 1993 నాటి హేగ్ ఒప్పందం ఆధారం. అది మన దేశంలో 2003 అక్టోబరు నుంచి, అమెరికాలో 2008 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పనులకు ఒక వరస ఉంది. ముందు అమెరికాలో గుర్తింపు ఉన్న సంస్థ దంపతుల ఇంటికొచ్చి హోమ్ స్టడీ చేయాలి. ఆదాయం, ఆరోగ్యం, పోలీసు రికార్డు, ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరి వివరాలు అందులో ఉంటాయి. దాన్ని జతచేసి అమెరికా ఇమిగ్రేషన్ శాఖకు ఐ-800ఏ దరఖాస్తు పెట్టాలి. వీళ్లు బిడ్డను పెంచడానికి తగినవాళ్లేనని ఆ శాఖ ఒప్పుకున్నాక, మన కేంద్ర దత్తత సంస్థ 'కారా' ద్వారా బిడ్డ వివరాలు వస్తాయి. అప్పుడు ఆ బిడ్డ కోసం ఐ-800. దానికి తాత్కాలిక ఆమోదం, కాన్సులర్ అధికారి ఇచ్చే ఆర్టికల్ 5 లేఖ, ఆ మీదట కారా నిరభ్యంతర పత్రం. ఇవన్నీ అయ్యాకే దత్తత ఉత్తర్వు. 2022 సెప్టెంబరు దాకా ఆ ఉత్తర్వు కోర్టు ఇచ్చేది, ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్ ఇస్తున్నారు. తర్వాత పాస్‌పోర్టు, వైద్య పరీక్ష, చివరికి ఢిల్లీ ఎంబసీలో ఐహెచ్-3 వీసా.

చివర్లో రావాల్సిన దత్తతను మనవాళ్లు మొట్టమొదట ముగించేస్తున్నారు.

తాత్కాలిక ఆమోదం రాకముందే దత్తత పూర్తయితే ఐ-800ను తిరస్కరించాలని అమెరికా నిబంధన. ఆ దత్తతను రద్దు చేయించుకుని మళ్లీ మొదలుపెట్టుకోవచ్చని కూడా ఆ నిబంధనే అంటుంది. మన 1956 హిందూ దత్తత చట్టం 15వ సెక్షన్ తీస్తే, చెల్లుబాటుగా జరిగిన దత్తతను ఎవరూ రద్దు చేయలేరని ఉంటుంది. అక్కడ రద్దు చేయమంటారు, ఇక్కడ కుదరదంటారు. పత్రం ఎంత పకడ్బందీగా రాస్తే పాప అంత గట్టిగా ఇరుక్కుంటుంది.

ఇంకో అడ్డంకి మరీ పెద్దది. కన్నతల్లీ తండ్రీ ఇద్దరూ బతికి ఉంటే, బిడ్డను సరిగ్గా పోషించే స్థితిలో వాళ్లు లేరని అమెరికాకు రుజువు చూపాలి. అక్కాబావలకు ఉద్యోగాలున్నాయి, సొంతిల్లుంది, ప్రేమకొద్దీ పిల్లను ఇచ్చారు. మన దగ్గర అది గొప్ప త్యాగం. అమెరికా చట్టం దృష్టిలో ఆ పిల్లకు దత్తత వెళ్లాల్సిన అవసరమే లేదు. తోబుట్టువుల పిల్లల్ని పెంచుకోవడం తరతరాలుగా ఉన్నా, వీసా అధికారి ముందు ఆ ఆచారం చెల్లదు.

హెచ్-1బీ మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకైతే ఐ-800 తలుపే తెరుచుకోదు. అది పౌరులకే. వాళ్లు పదహారేళ్లలోపు బిడ్డను దత్తత తీసుకుని, రెండేళ్లు చట్టపరమైన సంరక్షణలో ఉంచుకుని, రెండేళ్లు కలిసి నివసించామని చూపాలి. బిడ్డ అమెరికా రావడం కుదరదు కాబట్టి, ఒకరు ఉద్యోగం మానుకుని ఇక్కడికి వచ్చి ఉండాల్సిందే. విచిత్రం ఏమిటంటే, భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలకు మన కారా దేశంలో ఉన్నవాళ్లతో సమానంగా వరుసలో చోటిస్తుంది, వాళ్లకు అమెరికా వైపు దారి మూసుకుపోతుంది. పౌరసత్వం తీసుకున్న ఓసీఐలకు అమెరికా దారి ఇస్తుంది, మన చట్టం మాత్రం బిడ్డకు అరవై రోజుల్లో స్వదేశీ, ఎన్నారై తల్లిదండ్రులు దొరకనప్పుడే వాళ్ల వైపు చూస్తుంది.

ఇంత బిగింపు ఎందుకని విసుక్కునేవాళ్లు నల్లగొండ తండాలను తలచుకోవాలి. 1999, 2001 సంవత్సరాల్లో లంబాడా ఇళ్ల నుంచి ఆడశిశువులను కొన్ని వేల రూపాయలకు కొని, అనాథలని కాగితాలు పుట్టించి విదేశాలకు పంపిన వ్యవహారం బయటపడింది. కన్నవాళ్లు బిడ్డను వదులుకుంటున్నామని రాసిచ్చే పద్ధతిని 2001లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆపేయాల్సి వచ్చింది. అమెరికాలో న్యాయశాస్త్రం బోధించే డేవిడ్ స్మోలిన్ దంపతులు 1998లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లను దత్తత తీసుకున్నారు. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. పిల్లలకు మాట కుదిరాక తెలిసింది, వాళ్లకు తల్లి ఉంది, ఆమె వాళ్లను దత్తతకు ఇవ్వనే లేదు. ఆ తల్లి ఆచూకీ దొరకడానికి ఏళ్లు పట్టింది. ఆయన ఆ తర్వాత దేశాంతర దత్తతల్లో పిల్లల అపహరణ మీద పరిశోధన పత్రాలు రాశారు.

అమెరికాకు విదేశీ దత్తతలు 2004లో దాదాపు 23 వేలు, 2023లో 1,275. ఈ తగ్గుదల చూసి బాధపడేవాళ్లున్నారు. ఆ పాత అంకెలో ఎంతమంది తల్లులు మోసపోయారో లెక్క తీయనిదే బాధపడటం తొందరపాటు. తనిఖీ ఉన్నా ఘోరాలు జరుగుతాయి. బీహార్ నుంచి వెళ్లిన మూడేళ్ల పాప 2017లో టెక్సాస్‌లో పెంపుడు తండ్రి చేతిలో చనిపోయింది. దత్తత తర్వాత రెండేళ్లపాటు నివేదికలు పంపాలన్న నిబంధనను మొక్కుబడి అనుకోవద్దని ఆ పాప చావు చెబుతోంది.

బిడ్డ అక్కడికి చేరాక కూడా కాగితం పని మిగిలే ఉంటుంది. పద్దెనిమిదేళ్లలోపు దత్తపిల్లలకు పౌరసత్వం దానంతటదే వచ్చే చట్టం 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చింది. ఆ రోజుకు పద్దెనిమిది దాటినవాళ్లకు అది వర్తించలేదు. చిన్నప్పుడే ఇక్కడి నుంచి వెళ్లి, అక్కడే పెరిగి, పిల్లల్ని కన్న ఒక మహిళను 2008లో ముంబైకి తిప్పి పంపేశారు. ఒక కేసులో శిక్ష పడ్డాక చూస్తే ఆమెకు పౌరసత్వం లేదు. పెంచినవాళ్లెవరూ ఆ దరఖాస్తు పూర్తిచేయలేదు.

ఇక జనన ధ్రువీకరణ పత్రం. ఈ శీర్షికలో దీని గురించి ఎన్నిసార్లు రాసినా తక్కువే. మన పత్రాల్లో బిడ్డ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఆసుపత్రి కాగితంలో తల్లి పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తిగా, మరోచోట లేనే లేదు. బడిలో చేర్చేటప్పుడు వయసు సరిపోవాలని పుట్టిన తేదీ మార్చేస్తారు. ఇవన్నీ ఊళ్లో నడిచిపోతాయి. ఇమిగ్రేషన్ అధికారి బల్ల మీద మూడు కాగితాల్లో మూడు పేర్లుంటే ముగ్గురు మనుషులని అర్థం. పుట్టిన 21 రోజుల్లో రిజిస్టర్ చేయించడం, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించడం 1969 చట్టం కాలం నుంచీ ఉన్న వెసులుబాట్లే. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి అదొక్కటే ఆధారం. అయినా మున్సిపల్ ఆఫీసులో స్పెల్లింగ్ దిద్దించడానికి మధ్యవర్తికి డబ్బివ్వాల్సిన పరిస్థితి ఉందంటే, అది ప్రభుత్వాలు సిగ్గుపడాల్సిన విషయం.

తప్పుడు కాగితాల వ్యాపారం ఇంకా నడుస్తూనే ఉంది. 2025 జులైలో సికింద్రాబాద్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రం గుట్టు రట్టయింది. సరొగసీ బిడ్డ అని నమ్మించి, పేదవాళ్ల దగ్గర కొన్న శిశువును లక్షలు తీసుకుని ఒక జంట చేతిలో పెట్టారని పోలీసులు చెప్పారు. డీఎన్ఏ పరీక్షలో బిడ్డకు ఆ దంపతులతో సంబంధం లేదని తేలింది. కారా వరుసలో 30 వేలకు పైగా తల్లిదండ్రులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంటే, 2024–25లో దేశమంతా కలిపి జరిగిన దత్తతలు 4,515. సంరక్షణ గృహాల్లో పెరుగుతున్న పిల్లల్లో ఎవరు దత్తతకు అర్హులో తేల్చే పని శిశు సంక్షేమ కమిటీలు చురుగ్గా చేస్తే ఈ ఎదురుచూపు తగ్గుతుంది, దళారులకు గిరాకీ తగ్గుతుంది. కమిటీల్లో ఖాళీలు భర్తీ చేయకుండా దళారులను మాత్రమే అరెస్టు చేస్తే ప్రయోజనం సగమే.

అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. మహాసభల్లో ఇమిగ్రేషన్ గదిలో గ్రీన్ కార్డు గురించి గంటలు మాట్లాడిస్తారు. దత్తతకు అరగంట ఇవ్వండి, ఈ చట్టం తెలిసిన న్యాయవాదిని కూర్చోబెట్టండి. ఇక్కడ దత్తత పత్రాలు రాసే న్యాయవాదులకు ఇంకో విన్నపం. పుచ్చుకునేవాళ్లు ఎక్కడ ఉంటున్నారని మొట్టమొదట అడగండి. వాళ్లు అమెరికా పౌరులైతే, ఐ-800కు తాత్కాలిక ఆమోదం, కారా నిరభ్యంతర పత్రం చూపించేదాకా స్టాంపు పేపరు కొననివ్వకండి.