నీటికి లెక్కుంది, ఒండ్రుకు లేదు

కృష్ణా జలాల్లో ఎవరి వాటా ఎంతో బచావత్ ట్రైబ్యునల్ తేల్చి అర్ధ శతాబ్దం దాటింది. పోతిరెడ్డిపాడు దగ్గర ఒక్క టీఎంసీ అటూ ఇటూ అయితే చాలు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఘాటుగా లేఖలు రాసుకుంటాయి. ఆ నీటితో పాటు సముద్రం చేరాల్సిన ఒండ్రు ఏమైందని మాత్రం ఎవరూ అడగరు.

అది జలాశయాల అడుగున ఉంది. 308 టీఎంసీలు పట్టేలా కట్టిన శ్రీశైలంలో ఇప్పుడు 215 మాత్రమే నిలుస్తున్నాయి. నాగార్జునసాగర్ 408 నుంచి 312కు పడిపోయింది. ఈ పూడికను మనం నీటి నష్టంగానే చూస్తున్నాం. కృష్ణా డెల్టాలోని దివిసీమకు అది నేల నష్టం. గోదావరి సంగతీ అంతే. 1970లలో ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసిన నది, 2000 తర్వాత ఆరు కోట్ల టన్నులైనా తేలేకపోయింది. డెల్టా నేల దానంతట అది కొద్దికొద్దిగా కుంగుతుంది. ఆ లోటు పూడ్చాల్సింది వరద మట్టే. అది రాకపోతే తీరాన్ని సముద్రం కోసేస్తుంది.

నదీ ముఖాల్లో ఇంకో తంటా. వరదలు తీశాక ధవళేశ్వరం, ప్రకాశం బ్యారేజీల దిగువకు వచ్చే నీరు అంతంతమాత్రం. కెరటాలు తోసుకొచ్చే ఇసుకను కడిగేసే ప్రవాహం లేక అంతర్వేది మొగలో మేటలు వేస్తున్నాయి, వేటకు వెళ్లే బోట్లు పోటు కోసం కాచుకుంటున్నాయి. ఒకచోట తీరం కోతకు, మరోచోట మొగ పూడికకు మూలం ఒక్కటే: కట్టేసిన నది. ప్రభుత్వం మాత్రం ఒకదానికి రాళ్ల టెండరు, రెండోదానికి డ్రెడ్జింగ్ టెండరు పిలుస్తుంది. కాకినాడ దగ్గరి ఉప్పాడలో కోతను ఆపడానికి వేసిన జియోట్యూబ్ గోడను సముద్రం చీల్చేసింది. కాకినాడ రేవు కట్టడాల పాత్రా అక్కడ లేకపోలేదు. అయినా గోడ కట్టినంత మాత్రాన ఇసుక పుట్టదు. గోడ ఆగిన చోట కోత మొదలవుతుంది, అంతే.

ఏటా వరదల వేళ నీళ్లు వృథాగా సముద్రంలో కలుస్తున్నాయని వాపోయే నేతలు ఒక్కసారి ఉప్పాడ వెళ్లి ఆ మాట అనాలి. ఆనకట్టలు కూల్చమని ఎవరూ అడగడం లేదు. డెల్టా పంటలకు అవే ఆధారం. కానీ పోలవరం గేట్ల నిర్వహణ నియమావళిలోనే తొలి వరదల ఎర్రనీటిని వీలైనంత ఆపకుండా దిగువకు వదలాలని రాయాలి. డెల్టా పాయల్లో యంత్రాలతో ఇసుక తోడటం తక్షణం నిలిపివేయాలి. వేసవిలో మొగలకు కనీస ప్రవాహం హక్కుగా దక్కాలి. కృష్ణా, గోదావరి నదీ యాజమాన్య బోర్డుల ప్రతి సమావేశంలోనూ టీఎంసీల పట్టిక పక్కనే, బ్యారేజీ దాటిన ఒండ్రు ఎన్ని టన్నులో చూపే పట్టిక కూడా పెట్టాలి. వచ్చే వర్షాకాలంలోపే ఆ కొలత మొదలవ్వాలి.