బ్యాటరీ పెట్టె ఎవరిని కాపాడాలి?

పద్యాలు, పదాల పుట్టుకలు తప్ప వేరొకటి ఎరుగని ఈ పుటలో విద్యుత్ సైకిలు బ్యాటరీ పెట్టె ప్రసక్తి ఏమిటని ఆశ్చర్యపడవద్దని మనవి. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాడికి అర్థపరిధి లేని మాట వినబడితే మనసు నిలువదు. ఇటీవల నన్ను అలా పీడిస్తున్న మాట ‘వాటర్ ప్రూఫ్’.

విజయవాడలో నావంటి పింఛనుదారులు కొందరు, మోకాళ్ళు సహకరించక, పాత సైకిలుకే మోటారూ బ్యాటరీ అమర్చుకొని తిరుగుతున్నారు. బజారుకు, బ్యాంకుకు, సాయంకాలం కృష్ణ ఒడ్డుకు పోయిరావడానికి ఇది చక్కని వాహనమే. అయితే బ్యాటరీకి పెట్టె ఎంచుకొనేటప్పుడు అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. వానకు తడుస్తుందా? దొంగ ఎత్తుకుపోతాడా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. కాని మూడవది ఒకటున్నది. లోపలి బ్యాటరీ చెడితే ఈ పెట్టె మనలను కాపాడుతుందా? నా అభిప్రాయంలో మొదట అడగవలసినది ఇదే. దీనికి సమాధానం చెప్పలేని పెట్టె ఎంత గట్టిదైనా, ఎంత చవకదైనా కొనదగినది కాదు.

ముందు పెట్టెలో ఏమున్నదో చూద్దాం. మన సైకిళ్ళకు సాధారణంగా వాడేది 36 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ. చూడటానికి ఒకే వస్తువులా ఉన్నా, అది చిన్న చిన్న ఘటాల సమాహారం. ఘటం అంటే ఇంగ్లీషువారి సెల్లు. ఎక్కువగా వాడే ఘటానికి 18650 అని పేరు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు అని దాని అర్థం. అటువంటి పది వరుసలను ఒకదాని వెంట ఒకటి కలిపితే 36 వోల్టులు. నిండా ఛార్జి అయినప్పుడు అది 42 వోల్టులకు చేరుతుంది. వీటిని కనిపెట్టుకొని ఉండేందుకు ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక ఉంటుంది. నీరు తగిలితే మొదట పాడయ్యేది ఆ కావలివాడే. కావలివాడు పోయిన కోటలో ఏమి జరిగినా బయటివారికి తెలియదు.

ఇక నీటి సంగతి. ‘వాటర్ ప్రూఫ్’ అన్న విశేషణానికి దుకాణాల్లో హద్దు లేదు. ఏ నీటికి? ఎంత లోతుకు? ఎంతసేపు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పే సంకేతం ఒకటి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. దానిని ఐఈసీ 60529 అనే ప్రమాణం నిర్ణయించింది. ‘ఐపీ’ అన్న అక్షరాల తరువాత రెండు అంకెలు వేస్తారు. ఛందస్సు తెలిసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. పద్యపాదంలో ఏ స్థానంలో ఏ గణం పడాలో నియమం ఉన్నట్లే, ఇక్కడ మొదటి స్థానం దుమ్ముది, రెండవ స్థానం నీటిది. దుమ్ము స్థానంలో 6 ఉంటే దుమ్ము చొరబడదని అర్థం. నీటి స్థానంలో 4 ఉంటే అన్నివైపులనుండి చిలికిన నీటికి, 5 ఉంటే గొట్టంతో చిమ్మిన నీటికి, 6 ఉంటే మరింత బలమైన ధారకు, 7 ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా తట్టుకొంటుందని అర్థం.

పెద్ద అంకెలో చిన్న అంకెలన్నీ ఇమిడి ఉంటాయని అనుకోవడం సహజం. ఆరు వరకు అది నిజమే. ఏడు దగ్గర, వ్యాకరణంలో ఉత్సర్గానికి అపవాదం వచ్చినట్లు, ఇక్కడా ఒక అపవాదం వస్తుంది. నిలువనీటిలో మునిగి నెగ్గిన పెట్టె వేగంగా చిమ్మిన ధారకు కూడా నిలుస్తుందని ప్రమాణం హామీ ఇవ్వదు. రెండు పరీక్షలూ నెగ్గితే రెండు అంకెలూ వేరువేరుగా వేయాలి. కాబట్టి ‘ఐపీ 67’ అని చూసి, వాటర్ సర్వీసింగు వారి పైపు కింద సైకిలును నిలబెట్టడం అవివేకం. అలాగే అరగంట పరీక్ష వరదలకు వర్తించదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నది. ఆ నీరు పరీక్షశాల నీరు కాదు. బురద, మురుగు కలిసిన నీరు. అంతసేపు మునిగిన బ్యాటరీని, దాని పెట్టె మీద ఏ అంకె ఉన్నా, ఆరబెట్టి ఛార్జింగుకు పెట్టరాదు. లోపలి చెరుపు కొన్ని రోజుల తరువాత కూడా బయటపడవచ్చు. ఇంటికీ, కాలే వస్తువులకూ దూరంగా ఉంచి, తెలిసినవారికి అప్పగించడమే మేలు.

పెట్టెకు నీరు ఎటునుంచి వస్తుంది? పైనుంచే అని చాలామంది భావన. కాని పైకప్పు అతుకులేనిదై ఉంటుంది. దారి దొరికేది ఛార్జింగు రంధ్రానికున్న చిన్న రబ్బరు మూత దగ్గర, తాళంచెవి దూరే చోట, మీట దగ్గర, అడుగున తీగలు బయటికి వచ్చే చోట. కొనేటప్పుడు చూడవలసినవి ఈ నాలుగే. రబ్బరు మూత వేలితో తీస్తే తేలికగా ఊడి, మళ్ళీ వదులుగా కూర్చునేదైతే ఆ పెట్టె మన వానలకు తగదు. తీగ పెట్టెలోకి పోయేముందు కాస్త కిందికి వేలాడి మళ్ళీ పైకి లేచేటట్లు అమర్చితే, తీగవెంట జారే నీరు ఆ వంపు దగ్గరే బొట్టుబొట్టుగా రాలిపోతుంది. పైసా ఖర్చులేని ఉపాయం ఇది. ఘటాలు మార్చడానికి పెట్టె విప్పించినవారు రెండు చిప్పల మధ్యనుండే రబ్బరు పట్టీని కూడా కొత్తది వేయించాలి. నలిగిన పట్టీ మళ్ళీ బిగిస్తే పాత అంకె చెల్లదు. సందులకు సిలికాన్ పూయించేవారు ఒక్కటి గమనించాలి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లాన్ని వదిలి రాగిని తినివేస్తుంది. ఆ వాసన లేని రకం అడిగి తెచ్చుకోవాలి.

దొంగల విషయానికి వస్తే, మనవాళ్ళ సామెత ఉన్నది కదా: తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని. సైకిలు నడుమ గొట్టానికి తగిలించే పెట్టెలలో తాళం బ్యాటరీని ఒక పీఠానికి బంధిస్తుంది. ఆ పీఠాన్ని గొట్టానికి పట్టి ఉంచేవి, నీళ్ళ సీసా తగిలించుకొనేందుకు ఉండే రెండు చిన్న మరలే. బ్యాటరీ కూర్చుని ఉండగా ఆ మరలు కనిపించకూడదు, పనిముట్టుకు అందకూడదు. అందితే తాళం అలంకారమాత్రమే. ఇక సైకిలునే ఏ స్తంభానికీ కట్టకపోతే, దొంగకు తాళం విప్పే శ్రమ కూడా ఉండదు.

ఈ భయం చేతనే మా వీధిలో ఒక పెద్దమనిషి, ఆటోనగర్‌లో మందపాటి ఇనుపరేకుతో పెట్టె చేయించి, చుట్టూ వెల్డింగు పట్టించి, పెద్ద తాళం వేసుకొమ్మని అందరికీ సలహా చెబుతున్నారు. “మాస్టారూ, వాన పడదు, దొంగ పట్టుకుపోడు, ఇంకేం కావాలి?” అని వారి ప్రశ్న. వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. పింఛను డబ్బుతో కొన్న వస్తువు పోతే కలిగే బాధ చిన్నది కాదు. పైగా దొంగతనం రోజూ వినేది, అగ్నిప్రమాదం ఎప్పుడో ఒకసారి వినేది. అయినా ఆ సలహాను నేను గట్టిగా కాదంటున్నాను.

కారణం చెబుతాను. లిథియం ఘటం ఒకటి లోపల చెడి వేడెక్కితే, ఒక హద్దు దాటిన తరువాత ఆ వేడిని అదే పెంచుకొంటూ పోతుంది. మండే వాయువులను కక్కుతుంది. పక్క ఘటానికి అంటిస్తుంది. ఆ వాయువు బయటికి పోయేందుకు దారి ఉంటే పొగా మంటా కనిపిస్తాయి, మనిషి తప్పుకొనే వ్యవధి ఉంటుంది. దారి లేని ఇనుపపెట్టె అయితే లోపలి ఒత్తిడి పెరిగి పెరిగి ఒక్కసారిగా బద్దలవుతుంది. అప్పుడు మనం కాపలా పెట్టిన పెట్టె ముక్కలే మనమీదికి వస్తాయి. ఇది చాలక, గతుకుల దారిలో ఇనుప అంచులు తీగల తొడుగును ఒరసి ఒరసి కోసివేయగలవు. ప్రమాదాన్ని అడ్డుకొంటుందనుకొన్న పెట్టె ప్రమాదానికి నిప్పురవ్వను తానే అందిస్తుంది.

భారతంలోని లక్కయిల్లు అందరికీ తెలిసినదే. గోడలు బాగున్నాయి, ద్వారాలు బాగున్నాయి. పాండవులను బ్రతికించినవి అవేవీ కావు, విదురుడు పంపిన ఖనకుడు తవ్విన బిలం. బ్యాటరీ పెట్టెకు కూడా అటువంటి బిలం ఒకటి ఉండాలి. బయటి నీటిని రానివ్వకుండా లోపలి గాలిని మాత్రం పోనిచ్చే సన్నని పొర అమర్చిన రంధ్రాలు ఇప్పుడు ఉన్నాయి. పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ పెట్టెలో చెమ్మ పట్టకుండా కూడా అవి ఉపకరిస్తాయి. ఒత్తిడి హద్దు మీరితే తెరుచుకొనే మూత కూడా ఉంటే మరీ మంచిది. కాబట్టి నీటిని ఆపడానికీ, వాయువును వదలడానికీ విరోధం లేదు. రెండూ చేయని పెట్టెను కొనమనడానికే కారణం లేదు.

ఇవి ఊహాభయాలు కావు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో, ఇంటిలో ఛార్జింగుకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించాడు. అదే నెలలో మా విజయవాడలో, పడకగదిలో ఛార్జింగులో ఉన్న బ్యాటరీ పేలి ఒక గృహస్థు ప్రాణాలు పోయాయి. ఆ సంవత్సరం సెప్టెంబరులో సికింద్రాబాదులో, కింద విద్యుత్ స్కూటర్ల దుకాణం, పైన వసతిగృహం ఉన్న భవనంలో మంటలు చెలరేగి ఎనిమిదిమంది చనిపోయారు. అవి స్కూటరు బ్యాటరీలు, మనవి వాటికన్నా చిన్నవి. కాని జాతి ఒకటే.

ఇటువంటి దుర్ఘటనల నేపథ్యంలో కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ నియమించిన నిపుణుల సంఘానికి అధ్యక్షులు, హైదరాబాదులోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ అప్పటి సంచాలకులు టాటా నరసింగరావు గారు. ఆ సంఘం సిఫారసుల మీద ఏఐఎస్ 156 అనే ప్రమాణాన్ని సవరించి, 2022 డిసెంబరు 1 నుండి ఒక దశగా, 2023 మార్చి 31 నుండి రెండవ దశగా అమలు చేశారు. ఒత్తిడిని వదిలే మార్గం ఉండాలనీ, ఘటాల మధ్య తగిన ఎడం ఉండాలనీ అందులో చెప్పారు. అంటే ‘బిలం ఉండాలి’ అన్నది నా ఒక్కడి చాదస్తం కాదు. అయితే ఆ ప్రమాణం మోటారు వాహనాలకు. 250 వాట్లకు లోబడిన మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లకు మించని మన సైకిలు, నిర్ణీత షరతులకు లోబడి, చట్టం దృష్టిలో మోటారు వాహనమే కాదు. అందులోనూ పాత సైకిలుకు విడిభాగాలు తెచ్చి బిగించుకొనేవారి వెనుక ఏ పరీక్షా ఉండదు. చట్టం అడగనిచోట కొనేవాడే అడగాలి.

మరి దొంగల సంగతి ఏమిటని అడుగుతారు. గట్టి పెట్టె కన్నా, సులువుగా విడదీసి చేత పట్టుకుపోగల పెట్టె మంచి కాపలా. రెండు మూడు కిలోల బరువు, పట్టుకొనేందుకు పిడి ఉంటే చాలు. బ్యాంకులోకైనా వెంట తీసుకుపోవచ్చు. తీసిన తరువాత పీఠం మీద తేలి ఉండే లోహపు పలకలకు వాన తగలకుండా ఒక చిన్న మూత వేయాలి. అయితే ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. దొంగకు భయపడి ఇంటిలోకి తెచ్చిన బ్యాటరీని మంచం పక్కన పెట్టుకోవడం దొంగకన్నా పెద్ద ఆపదను ఆహ్వానించడమే. మేలుకొని ఉన్న వేళ, వరండాలోనో బాల్కనీలోనో నీడపట్టున, నాపరాతి మీదనో గచ్చు మీదనో పెట్టి ఛార్జి చేయాలి. మనం బయటికి పోయే గుమ్మానికి అడ్డంగా పెట్టరాదు. రాత్రంతా వదిలివేయరాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో తిరిగివచ్చిన బ్యాటరీని పూర్తిగా చల్లారనిచ్చాకే తీగ తగిలించాలి. ఘటాల తయారీదారులు సాధారణంగా ఛార్జింగుకు పెట్టే పైహద్దు 45 డిగ్రీలు. మండుటెండలో నిలబెట్టిన నల్లని పెట్టెకు ఆ హద్దు దాటడం ఎంతసేపు?

పెట్టె ప్లాస్టిక్‌దైతే మంటను తానే ఆర్పుకొనే రకమా అని అడగాలి. వీ-0 అనే గుర్తు ఉన్న ప్లాస్టిక్‌ను నిటారుగా పట్టి మంట తగిలించి తీస్తే, పది సెకన్లలో ఆరిపోవాలి, మండే చుక్కలు రాలకూడదు. ఇది ఇనుపరేకు కన్నా తక్కువ గట్టిదే, ఒప్పుకుంటాను. సుత్తితో కొడితే పగులుతుంది. పగలనివ్వండి. దొంగ పట్టుకుపోయేది డబ్బు పెట్టి తిరిగి కొనగలిగిన వస్తువు. బిగించిన పెట్టె పట్టుకుపోయేదానికి ఆ వెసులుబాటు లేదు.

దుకాణదారులకూ ఒక విన్నపం. ‘వాటర్ ప్రూఫ్’ అన్న మాట పక్కన అంకె రాయండి. గాలి పోయే దారి ఎక్కడున్నదో చూపించండి. ఈ రెండూ చేయలేకపోతే ఆ మాటే వాడకండి. పది రూపాయల పెన్నుకు కూడా చీటీ ఇచ్చే దేశంలో, నిప్పును మోసే పెట్టెకు ఒక అంకె అడగడం అత్యాశ కాదు.

ఇవి నా అభిప్రాయాలు. శాస్త్రజ్ఞులైన చదువరులు ఇందులో లోపాలుంటే దిద్దవలసినదిగా కోరుతున్నాను. మీ ఊళ్ళో ఈ పెట్టెలు ఎలా ఉన్నాయో, మీరేది ఎంచుకున్నారో తెలియజేస్తే నావంటివారు మరికొందరికి ఉపకరిస్తుంది.

స్వస్తి.