ముసురులో ఇల్లు: ఉండడమా, కదలడమా?

చలిదేశాలలో స్థిరపడిన మన పిల్లలు ఫోను చేసి, "మంచు తలుపు మూసేసింది, మూడు రోజులుగా గడప దాటలేదు" అంటే మనకు వింతగా తోస్తుంది. తిరువళ్లూరు, తిరుత్తణి వైపు మంచు అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదే గదా. అయితే మనలనూ ఇంట బంధించేది ఒకటున్నది. అది ఈశాన్య ఋతుపవనం తెచ్చే ముసురు.

ఈ రెండు నిర్బంధాలకూ పెద్ద భేదమున్నది. 2022లో క్రిస్మస్ నాళ్ళలో అమెరికాలోని బఫలో నగరంలో 4 అడుగులకు మించి మంచు పడి, ఆ ప్రాంతంలో 40 మందికి పైగా మరణించారు. కొందరు వీధిలో, కొందరు కారులో చిక్కి పోయారు. వెచ్చదనం లేని ఇంటిలో పోయినవారూ ఉన్నారు. కనుక అక్కడ వెచ్చని ఇల్లు విడిచి కదలవద్దనడమే ధర్మం. మనకు మాత్రం ఒకే మాట చాలదు. వానకు ఇల్లు రక్ష. వరద వస్తే ఆ ఇల్లే ఉచ్చు.

2015 డిసెంబరు మొదటి రోజులలో తాంబరంలో 24 గంటలలో 49 సెంటీమీటర్ల వాన కురిసింది. చెన్నైలో ఎందరో మేడ మీదికెక్కి పడవ కోసం ఎదురుచూశారు. 2023 డిసెంబరు 3, 4 తేదీలలో మిచౌంగ్ తుఫాను తీరం దగ్గరే మెల్లగా కదులుతూ చెన్నై, తిరువళ్లూరు జిల్లాలను ముంచి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. బళ్ళకు సెలవులిచ్చారు, లోకల్ రైళ్ళు ఆగాయి, విమానాశ్రయమే మూతపడింది.

మన జిల్లాలో ఇంకొక చిక్కు ఉన్నది. మన నెత్తిన చినుకు లేకున్నా ఏరు పొంగవచ్చు. చిత్తూరు జిల్లా కొండలలో కురిసిన వాన కుశస్థలి, నగరి ఏళ్ళలో పడి, పళ్ళిపట్టు, తిరుత్తణి ప్రాంతాల మీదుగా 1944లో కట్టిన పూండి జలాశయానికి చేరుతుంది. పూండి నిండి గేట్లు ఎత్తితే ఆ నీరు ఎన్నూరు దాకా పోతుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి మారింది గాని, ఏటికి ఆ సరిహద్దు తెలియదు.

ఇక్కడ మన రెండు భాషలూ అక్కరకు వస్తాయి. పూండి కబురు తమిళంలో వింటాము. నగరి, కార్వేటినగరం వైపు వాన ఎంత, అమ్మపల్లి జలాశయం గేట్లు ఎత్తారా అన్నది తెలుగు వార్తలలో వినవచ్చు. అటువైపు చుట్టాలుంటే ఒక ఫోను చాలు. ఏటి ఒడ్డు ఇంటికి ఆ కబురు కొన్ని గంటలు ముందు అందినా మేలే.

అందుచేత వానలకు ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మూడు సంగతులు తేల్చుకోవాలి. మన ఇల్లు వీధికన్నా పల్లమా? చెరువు మరవ పోతే నీరు ఏ దారిన వస్తుంది? పోవలసివస్తే ఎవరింటికి? పల్లపు ఇంటివారు పగటి వెలుగుండగానే కదలాలి. చీకటిలో, మోకాలు లోతు నీటిలో, ముసలివారిని ఎత్తుకుని పోవడం ఎవరి తరమూ కాదు.

మెరక ఇంటివారు నిశ్చింతగా ఉండవచ్చు గాని, వట్టిచేతులతో కాదు. వెనుక చేదబావి, కిరసనాయిలు దీపం ఉండేవి. ఇప్పుడు కరెంటు పోతే మోటారు ఆగుతుంది. చుట్టూ నీరే, కొళాయిలో చుక్క ఉండదు. కనుక తుఫాను కబురు రాగానే బిందెలు నింపాలి. బియ్యం, బొరుగులు, వారం రోజుల మందులు ఉంచుకోవాలి. ఇన్సులిన్ వాడేవారు ఫ్రిజ్ ఆగితే దానిని తడి తగలకుండా చుట్టి, చల్లని మట్టికుండలో ఉంచుకోవచ్చు. నీరు గడప ఎక్కకముందే మెయిన్ స్విచ్ ఆపాలి. పట్టాలు, కార్డులు ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టాలి.

అన్నిటికన్నా కష్టమైనది పెద్దవారిని ఒప్పించడం. "పుట్టి పెరిగిన ఇల్లు, దేవుడి దగ్గర దీపం ఎవరు పెడతారు?" అంటారు. అది మొండితనమని విసుక్కోకూడదు. ఆ దీపపు కుందీ, పటమూ సంచిలో ముందు పెడితే వారు మెత్తబడతారు. పక్కింట ఒంటరిగా ఉన్న అవ్వను కూడా ఆ లెక్కలో చేర్చుకోవాలి. పిల్లలు అమెరికాలో ఉంటే ఆమె తలుపు తట్టవలసింది మనమే.

జిల్లా అత్యవసర ఫోను 1077, అంబులెన్సు 108. ఈ రెండు అంకెలూ, తలదాచుకునే చుట్టాల నంబరూ పెద్ద అక్షరాలతో రాసి క్యాలెండరు పక్కన అంటించండి. దసరాకు ఇల్లు దులుపుకునే వేళ ఈ పనీ చేసుకోవలసిందని మా మనవి.