చెమ్మ కాగితం మీద అచ్చు నిలవదు

మారేడుమిల్లి: ముసురు పట్టిందంటే ఈ కొండల్లో ఉప్పు నీరుగారుతుంది, అగ్గిపుల్ల వెలగదు. కాగితానికీ అదే గతి. అయితే కొండరెడ్డి గూడెం నుంచి నడిచివచ్చి కుల ధ్రువపత్రం తీసుకునే మనిషికి ఆ సంగతి ఎవరు చెబుతారు? అక్షరాలు వేలికి అంటినా, ఆధార్ కాగితంలో ముఖం పసుపు తిరిగినా, "మిషను పాడైంది, పై వారం రండి" అనేస్తే సరిపోతుందా? పై వారమంటే మరో రోజు కూలి పోవడమే.

మిషను పాడైందన్న మాట చాలాసార్లు తొందరపాటు. లేజర్ ప్రింటరులో తడి సిరా ఉండదు. టోనర్ అనే మెత్తటి పొడి విద్యుదావేశంతో కాగితాన్ని అంటుకుంటుంది. 200 డిగ్రీల దరిదాపు వేడి గల రోలరు దాన్ని కరిగించి అతికిస్తుంది. కాగితం చెమ్మగిల్లితే పొడి సరిగా పట్టదు. పట్టినా వేడి చాలక రాలిపోతుంది. బల్లమీద రోజుల తరబడి విప్పి ఉంచిన కాగితాలు తీసేసి, కొత్త కట్ట విప్పి చూడటం మొదటి పని. మిగిలిన వాటిని మూత బిగుతుగా ఉన్న డబ్బాలో దాచాలి. ఈ వైద్యానికి పట్నం నుంచి మెకానిక్ రానక్కరలేదు.

మరకలను బట్టి కూడా రోగం తెలుస్తుంది. నలుపు, పసుపు, నీలం, గులాబీ పొడులు కలిసి రంగుల బొమ్మ అవుతుంది. ఒక్క రంగే వెలిసిపోతే ఆ రంగు కార్ట్రిడ్జ్ చూసుకోవాలి. ఒకే మచ్చ సమాన దూరంలో మళ్లీ మళ్లీ పడితే తిరిగే డ్రమ్ముకో, రోలరుకో దెబ్బ తగిలిందన్నమాట. రంగులు పక్కకు జరిగి నీడల్లా కనిపిస్తే మిషనులోనే ఉండే కాలిబ్రేషన్ నడపాలి. డ్రమ్మును వెలుతురులో ఉంచరాదు. కరెంటు పోయినప్పుడు చిన్న ఇన్వర్టరు మీద నడపడమూ మంచిది కాదు. వేడి రోలరు లాగే కరెంటుకు అది తట్టుకోలేదు.

తప్పంతా మిషను ముందు కూర్చున్న కుర్రవాడిదే అనడం న్యాయం కాదు. రంగు కార్ట్రిడ్జ్ ధర చూస్తే ఎవరికైనా చేయి వెనక్కే పోతుంది. కానీ వానాకాలంలో రోజూ పొద్దున్నే ఒక పరీక్ష కాగితం తీయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అతనికి ఈ నాలుగు ముక్కలూ నేర్పవలసిన బాధ్యత పై అధికారులది.

పత్రం అందుకున్నవారు కూడా అక్కడే అచ్చుమీద వేలితో రుద్ది చూడాలి. చెరిగితే మరొకటి అడగాలి. దానికి మళ్లీ డబ్బు తీసుకోరాదు.